అమావాస్య నాడు ఆడిన మగ్గం

ధర్మవరం, 31-7-54

నాయనకు బాలప్ప నమస్కరించి రాసేది. మన మగ్గం మూలపడిందని హిందూపురంలో ఎవరో మీకు చెప్పారట, నమ్మకండి. మిల్లు గుడ్డ మీద పన్ను వేసి నేతగాళ్లను ఆదుకునే చట్టం వచ్చింది కదా, ఆడే మగ్గాలు రాసుకోవడానికి గురువారం ఆఫీసరు వచ్చారు. ఆ రోజు అమావాస్య, మనం మగ్గం ముట్టం. బట్ట కప్పి ఉండడం చూసి, ఆడటం లేదని రాయబోయారు. అవ్వే బట్ట లాగేసి, మగ్గం గుంటలోకి దిగి పోగుల మధ్య నాలుగుసార్లు నాడె విసిరింది.

"మీ నాయన పుట్టింది అమావాస్య నాడే. వాణ్ని పారేసినామా?" అంది నాతో.

ఆఫీసరు నేతగత్తెగా ఆమె పేరే రాసుకున్నారు.

అక్కకు జ్వరం తగ్గిందా? బావకు నా నమస్కారం చెప్పండి. వచ్చేటప్పుడు అవ్వకు నల్ల వక్కలు మరిచిపోకండి. ఇప్పుడు ఆమెను అడిగే నేను మగ్గంలోకి దిగుతున్నాను.