కెప్టెన్ పావురం నడుము పైభాగం

ఓషన్ పార్క్‌వే, బ్రూక్లిన్
3 మార్చి 1978

ఒరేయ్ నున్సియో,

నిన్న గురువారం పేకాటలో నిన్ను నేను చూశాను, నన్ను నువ్వు చూశావు. ఇద్దరం బాగానే ఉన్నాం కాబట్టి క్షేమసమాచారాల జోలికి పోవడం లేదు.

మన కెప్టెన్ పావురాన్ని సినిమా తీస్తున్నారట్రా! పొద్దున్నే పేపర్లో వేశారు. సంతోషంతో కాఫీ ఒలకబోసుకున్నాను. కింది లైను చదివి మిగిలిన కాఫీ కూడా ఒలకబోసుకున్నాను. 'సృష్టికర్త: బ్లూబెల్ పబ్లికేషన్స్' అని ఉంది. ఆఫీసు ఎక్కడైనా బిడ్డని కంటుందా? నలభై ఒకటిలో మనిద్దరం పుట్టించి, పద్దెనిమిదేళ్ళు నెలనెలా బొమ్మల కథల పుస్తకంలో మోసిన వాడు. నేను రాశాను, నువ్వు గీశావు. ఒక్క సంచికలోనైనా మన పేర్లు వేశారా వాళ్ళు?

ఊరుకోదలచుకోలేదు. మా చెల్లెలి అల్లుడు లెనర్డ్ ప్లీడరు కదా, వాడి దగ్గరికి వెళ్ళాను. వాడు చేసేవన్నీ బస్సు కింద పడ్డవాళ్ళ కేసులు. అంతా విని, "మీరిద్దరూ కూడా ఒక రకంగా బస్సు కింద పడ్డవాళ్ళే మావయ్యా" అని కేసు తీసుకున్నాడు. మనం అడిగేది ఒక్కటే: తెర మీద మన పేర్లు పడాలి. ఆ రోజు కంటి డాక్టరు దగ్గర్నించి వస్తూ, "ఈ శుక్లాలు ముదిరిపోకముందే నా పేరు ఒక్కసారి అచ్చులో చూసుకోవాలిరా" అన్నావు. నువ్వు మరిచిపోయి ఉంటావు, నేను మరవలేదు.

లెనర్డ్ షరతు ఒకటి పెట్టాడు. కేసు సంగతి మనం ఫోనులో గానీ ఎదురుపడి గానీ మాట్లాడుకోకూడదు. అంతా కాగితం మీదే ఉండాలట, కోర్టులకి కాగితమంటే ప్రాణమట. ముందుగా ఎవరేం చేశారో వాంగ్మూలం కావాలన్నాడు. నేను మనిద్దరి తరఫునా రాసేశాను: 'కెప్టెన్ పావురాన్ని సృష్టించింది హెష్ ప్లాట్నిక్. బొమ్మలు నున్సియో వేశాడు.' పొట్టిగా, ముచ్చటగా ఉంది. కింద సంతకం పెట్టి పంపు.

నీ
హెష్

తా.క. వచ్చే గురువారం యథాప్రకారం వస్తాను. కేసు గురించి నోరెత్తను. కానీ నా కుర్చీ వెనక గోడ మీద పటంలో ఉన్న మీ సెయింట్ ఆంటొనీ నా ముక్కలు చూసి నీకు సైగ చేస్తున్నాడని నా అనుమానం. ఆ సంగతి మాత్రం మాట్లాడుకోవచ్చట, లెనర్డ్‌ని అడిగాను.


పద్దెనిమిదో అవెన్యూ, బ్రూక్లిన్
7 మార్చి 1978

మహారాజశ్రీ హెష్ ప్లాట్నిక్ గారి దివ్యసముఖానికి,

తమరు దయతో పంపిన వాంగ్మూలం అందింది. 'బొమ్మలు నున్సియో వేశాడు.' ఎంత బాగా చెప్పారండీ! గోడకి సున్నం వేశాడు అన్నట్టుగా.

అయ్యా, తమరికి నలభై ఒకటి జ్ఞాపకం ఉందా? మిఠాయి కొట్టు ఫోనులోంచి తమరు నాకు చెప్పిన కథ మొత్తం ఇదీ: "గద్ద. ముసుగు. బ్యాంకు దొంగలు. శుక్రవారానికి పదమూడు పేజీలు." చిల్లర అయిపోయి ఫోను కట్టయింది. ఆ నాలుగు ముక్కలు పట్టుకుని పదమూడు పేజీలు గీసింది ఎవడు? దొంగలు ఏ కిటికీలోంచి దూరారు, వీడు ఏ మేడ మీంచి దూకాడు, అంతా నేనే. అన్నీ అయ్యాక నువ్వు మా వంటింట్లోకి వచ్చి, మా అమ్మ చేసిన వంకాయ కూర తింటూ, బొమ్మల నోటి దగ్గరి బుడగల్లో మాటలు నింపావు. దాన్ని సృష్టి అంటారేమో మీ ఓషన్ పార్క్‌వేలో. మా వీధిలో ఖాళీలు పూరించడం అంటారు.

ఇంకో మాట. నువ్వు చెప్పింది గద్ద. నేను గద్దని నాణెం మీద తప్ప చూసినవాణ్ణి కాను. మా మావయ్య మేడ మీద పావురాలు పెంచేవాడు, అందుకని పావురాన్ని గీశాను. పావురం లేకపోతే కెప్టెన్ పావురం ఎక్కడివాడు? నా వాంగ్మూలం రాసుకో: 'కెప్టెన్ పావురాన్ని సృష్టించింది నున్సియో ఫ్రగాలే. బుడగలు హెష్ నింపాడు.'

నాకూ న్యాయసలహాదారు ఉన్నాడు. మంగలి దొమెనీకో. వాడు ఒకసారి జ్యూరీలో పదకొండు రోజులు కూర్చున్నాడు.

ఇట్లు తమ పనివాడు
నున్సియో ఫ్రగాలే

తా.క. కళ్ళు సరిగా ఆనడం లేదు కాబట్టి నేను చెప్తుంటే మా ఆవిడ ఫిలొమీనా రాస్తోంది. నేను తిట్టిన తిట్లు రెండుచోట్ల ఎగరగొట్టేసింది. ఎక్కడెక్కడో నువ్వే ఊహించి పెట్టుకో. గురువారం వంకాయే వండుతుందట, రావడం మానకు.


ఓషన్ పార్క్‌వే
10 మార్చి 1978

శ్రీయుత ఫ్రగాలే గారికి,

వంకాయ అద్భుతం, ఫిలొమీనాకి చెప్పండి. ఇక అసలు సంగతి.

తమరు గీసిన ఆ పక్షిని చూసి ఆ రోజు నేను పడ్డ ఏడుపు తమరెరగరు. గద్ద కోసం రాసిపెట్టుకున్న డైలాగులన్నీ చింపేశాను. 'ఈ నగరంలో ఎవరూ పట్టించుకోని పక్షి, ఎవరూ పట్టించుకోని మనుషుల కోసం' అన్న వాక్యం ఎవరు రాశారు? కుర్రకారు దాన్ని గోడల మీద రాసుకున్నారు. పావురాన్ని గీయడానికి మేడ మీద పావురాలుంటే చాలు. జనం దాన్ని చూసి నవ్వకుండా ఉండాలంటే మాటలు కావాలి!

చేతుల సంగతి కూడా ఎత్తమంటారా? తమకి చేతులు గీయడం రాదు. వేళ్ళు గీస్తే అరటిపళ్ళ గెల అయ్యేది. అందుకని పద్దెనిమిదేళ్ళు వీడి చేతుల్ని భుజాల మీంచి వేలాడే ఆ ఎర్ర గుడ్డ కిందే దాచారు. వీడెందుకు చేతులు బయటపెట్టడు అని పాఠకులు అడిగితే, 'నా చేతులు న్యాయం కోసం దాచుకున్నాను!' అని శపథం రాసి తమ పరువు కాపాడింది ఈ బుడగలు నింపేవాడే.

అయినా నేను పంతాలకి పోయేవాణ్ణి కాను. లెనర్డ్ ఒక మధ్యేమార్గం చెప్పాడు. నడుము పైన నాది, నడుము కింద మీది. ముసుగు, ముఖం, మాట నావైపు వస్తాయి. తక్కినదంతా మీకే. ఎర్ర గుడ్డ నడుము దాటి కిందికి వేలాడుతుంది కాబట్టి దాని విషయం తర్వాత తేల్చుకోవచ్చట.

భవదీయుడు
హెచ్. ప్లాట్నిక్

తా.క. నిన్న భోజనాల దగ్గర నేను అడక్కుండానే ఉప్పు నా వైపు జరిపారు. దాన్ని కేసుకి సంబంధించిన సంప్రదింపుగా భావించాలా అని లెనర్డ్‌ని అడిగాను. ఆలోచించి చెప్తానన్నాడు.


పద్దెనిమిదో అవెన్యూ
20 మార్చి 1978

ఒరేయ్ ప్లాట్నిక్,

నీకు గార్లూ లేవు, బూరెలూ లేవు. నడుము కింద నాదా? నడుము కింద ఏముందిరా, రెండు బూట్లు తప్ప! దొమెనీకో ఈ మాట విని పగలబడి నవ్వాడు. అప్పుడు వాడి చేతిలో కత్తి నా గొంతు మీద ఉంది. నీ మధ్యేమార్గం వల్ల నా ప్రాణం పోయేది.

నిజానికి ఆ కొట్లో అందరూ నన్ను చూసి నవ్వుతారు. నలభై ఏళ్ళుగా కెప్టెన్ పావురాన్ని గీసింది నేనే అంటే ఒక్కడూ నమ్మడు. "అయితే పుస్తకంలో నీ పేరేది?" అంటారు. ఏం చెప్పను? నా బాధ అదిరా, నడుమూ కాదు, గుడ్డా కాదు. ఆపరేషన్ ఎలా అవుతుందో తెలీదు. చూపు ఉండగానే వాళ్ళందర్నీ సినిమాకి తీసుకెళ్ళి, 'అదిగో' అని చూపించాలి.

ముఖం నాది అంటున్నావు కదా, అయితే విను. ఇన్నేళ్ళు నోరు మూసుకున్నాను. ఆ ముఖం నిజంగానే నీదిరా గాడిదా! ఎదుట మనిషిని కూర్చోబెట్టుకుని గీయడానికి నా దగ్గర డబ్బులెక్కడివి? వంటింట్లో వంకాయ తింటూ ఎదురుగా కూర్చునేవాడివి నువ్వేగా. ఆ గడ్డం నీది. ఆ కనుబొమ్మలు నీవి. ముక్కు మాత్రం కాస్త తిన్నగా చేశాను. చెప్తే నీకు తల తిరుగుతుందని చెప్పలేదు.

ఈ గురువారం పవిత్ర గురువారం కాబట్టి పేకాట లేదు. ఆ పై గురువారం రా.

నున్సియో

తా.క. ముక్కు ఒక్కటే కాదు, జుట్టు కూడా నీది కాదని రాయమంటోంది ఫిలొమీనా. తను రేపటి నించి సెయింట్ ఆంటొనీకి తొమ్మిది రోజుల ప్రార్థన మొదలుపెడుతోంది. పోయిన వస్తువులు వెతికిపెట్టే పని ఆయనదే. గడువులోగా మన పేర్లకి ఏదో ఒక ఆధారం వెతికివ్వకపోతే ఆయన మొహం గోడవైపు తిప్పేస్తుందట. మా అమ్మ కూడా మాట వినని సెయింటుకి అదే శిక్ష వేసేది. కానీ ఈయన్ని మాత్రం ఎప్పుడూ తిప్పలేదు, ఇంకెవర్నీ తాకనిచ్చేదీ కాదు.


ఓషన్ పార్క్‌వే
31 మార్చి 1978

నున్సియో,

నీ ఉత్తరం చదివి పాత సంచిక తీసి, అద్దం ముందు నిలబడి గంటసేపు చూసుకున్నాను. ఎర్ర దుప్పటి కూడా కప్పుకున్నానని ఎవరికీ చెప్పకు.

నేనూ ఒకటి దాచాను. వాడి మాటలు నావని గొప్పలు పోయాను కదా. అవి నీవిరా. నేను పుస్తకాల్లో మనుషుల్లా మాట్లాడేవాణ్ణి, అది పావురానికి నప్పేది కాదు. నువ్వు బొమ్మ గీస్తూ గొణుక్కునేవాడివి చూడు, 'ఎవడబ్బ సొమ్మని?', 'మెట్లు ఉండగా కిటికీలోంచి ఎందుకురా?' అని. అవే రాసుకునేవాణ్ణి. పద్దెనిమిదేళ్ళు నా ముఖంతో నువ్వే మాట్లాడావు. ఎవరు ఏ ముక్క చేశారో నాకిప్పుడు నిజంగా తెలీడం లేదు.

తెలిసినా లాభం లేదు. కంపెనీ ప్లీడర్ల జవాబు వచ్చింది, నకలు నీకూ పంపారట. మనకిచ్చిన చెక్కుల వెనకవైపు ఫోటోలు తీసి రెండువందల పన్నెండు పంపారు. ప్రతిదాని మీదా ముద్ర ఉంది: 'ఇక్కడ సంతకం చేసినవారు ఈ పని మీద, ఇందులోని పాత్రల మీద సర్వహక్కులూ కంపెనీకి వదులుకున్నట్టే.' ముద్ర కింద నీ సంతకం, నా సంతకం. చెక్కు ఇద్దరి పేర్ల మీదా వచ్చేది కదా. ఆ ముద్ర నువ్వెప్పుడైనా చదివావా? నేను చదవలేదు. బ్యాంకు మూడింటికి మూసేస్తుంటే ఎవడు చదువుతాడు?

మొదటి సంచిక చెక్కు ఆ ఫోటోల్లో లేదు. పాతది కదా, పోయి ఉంటుందిలే అన్నాడు లెనర్డ్. వాడి మొహం బస్సు కంపెనీ గెలిచిన రోజున ఉండేలా ఉంది. పైగా మనిద్దరమే సృష్టికర్తలమని కంపెనీ ఎక్కడైనా రాసిన ముక్క ఒక్కటి చూపించమంటున్నారు. మన దగ్గర ఏముంది? ఒకరి మీద ఒకరం రాసుకున్న ఈ ఉత్తరాలు తప్ప.

క్షమించరా. నీ పేరు నీ కళ్ళకి చూపిద్దామని మొదలుపెట్టాను. మధ్యలో నడుము దగ్గర ఇరుక్కున్నాను.

నీ ముఖం లేని
హెష్

తా.క. నిన్న కోటు తగిలించబోతూ చూశాను, సెయింట్ ఆంటొనీ గోడవైపు తిరిగి ఉన్నాడు. గడువు దాటిందన్నమాట, పాపం. ఆ పటం వెనక పాత కాగితం ఒకటి అతికించి ఉంది. దాని మీద మన చెక్కుల ముద్ర లాంటిదే ఉంది, ఏమిటది? కేసుకి సంబంధించినదేమోనని లెనర్డ్ షరతుకి భయపడి అడగలేదు. ఉత్తరంలో అడగవచ్చు కాబట్టి అడుగుతున్నాను.


పద్దెనిమిదో అవెన్యూ
3 ఏప్రిల్ 1978

ఒరేయ్ నా హెష్,

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. తిట్లు ఏవీ ఎగిరిపోలేదు, అసలు తిట్టలేదు.

శనివారం నీ ఉత్తరం ఫిలొమీనా చదివి వినిపించింది. తా.క. దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని లేచి గోడ దగ్గరికి పరిగెత్తాం. పటం తిప్పిన రోజున నాకు ఆ కాగితం ఆనలేదు. తను కోపంతో కళ్ళు మూసుకుని తిప్పిందట.

అది మన మొదటి సంచిక చెక్కురా. నలభై ఒకటి, జూన్.

మా ఇంట్లో పెళ్ళికాని కొడుకు మొదటి సంపాదన తల్లి చేతిలో పొయ్యాలి. పోశాను. "నా సంతకం అక్కర్లేదా?" అని నువ్వడిగితే, అమ్మ చూసుకుంటుందిలే అన్నాను, గుర్తుందా? అమ్మ లోపలికి వెళ్ళి డబ్బు తెచ్చి ఇచ్చింది. నీ సగం నీకు వీధి మలుపులో ఇచ్చాను. తను బ్యాంకుకి వెళ్ళి మార్చిందనుకున్నాను. మార్చలేదు! రొట్టెల కొట్లో పనిచేసి దాచుకున్న సొంత డబ్బు ఇచ్చి, దాన్ని సెయింటు వెనక పెట్టి అతికించేసింది. తనకి ఇంగ్లీషు చదవడం రాదు, కానీ కొడుకు పేరు రూపం తెలుసు. అచ్చుయంత్రం మీద కొట్టిన నా పేరు అదే మొదటిసారి చూడటం. దాన్ని ఏ బ్యాంకువాడికో ఇచ్చెయ్యడానికి తనకి మనసొప్పలేదు. పోయినవి వెతికే ఆయనకే అప్పగించింది, ఎప్పటికీ పోకుండా.

వెనకవైపు ముద్ర ఉంది, ముద్ర కింద ఖాళీ. నీ సంతకమూ లేదు, నాదీ లేదు. మెల్లగా ఊడదీసి, ముందువైపు భూతద్దం పెట్టుకుని నేనే చదివాను: 'కెప్టెన్ పావురం అను పాత్రను సృష్టించినందుకు, హెచ్. ప్లాట్నిక్, ఎన్. ఫ్రగాలే.' కంపెనీయే కొట్టింది, కంపెనీ మేనేజరే సంతకం పెట్టాడు.

ఇవాళ పెళ్ళిబట్టలు వేసుకుని పటాన్నీ చెక్కునీ చంకలో పెట్టుకుని లెనర్డ్ దగ్గరికి వెళ్ళాను. వాడు కుర్చీలోంచి లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. అక్కడికక్కడే వాళ్ళ ప్లీడరుకి ఫోను చేశాడు. "సంతకం పెడితే హక్కు మీదని రెండువందల పన్నెండు సాక్ష్యాలు మీరే పంపారు. మరి సంతకం లేకపోతే ఎవరిదండీ?" అన్నాడు. అవతలివాడు చెక్కు మీది మాటల్ని రెండుసార్లు చదివించుకున్నాడు. మధ్యాహ్నానికల్లా రాజీకొచ్చారు. సినిమాలో మన పేర్లు వేస్తారు. ఇకమీదట ప్రతి పుస్తకంలోనూ వేస్తారు. అక్షరాలు ఎంత పెద్దవి కావాలని అడిగితే, శుక్లాలు ఉన్నవాడికి వెనక వరసలోంచి ఆనేంత అని చెప్పాను. మంగలి కొట్టు మొత్తానికి టికెట్లు నేనే తీస్తాను. నీకు ఒక రోజు ఆగి చెప్పమని లెనర్డ్‌ని బతిమాలాను. ఈ వార్త నా ఉత్తరంలోనే నీకు అందాలి.

పేర్లు ఏ వరసలో వెయ్యాలని కూడా అడిగారు. చెక్కు మీద ముందు నీ పేరుంది, తర్వాత నాది. అలాగే ఉంచమన్నాను. మా అమ్మ ముప్ఫై ఏడేళ్ళు దాచింది ఆ రెండు పేర్లనీ కలిపే. ఇప్పుడు వాటిని విడదీసి వరస మార్చడానికి నాకు చేతులు రావు. అవి గీయడం రాదని నువ్వే అన్నావుగా.

గురువారం రా. ఇక నోరు విప్పి మాట్లాడుకోవచ్చు.

నీ పై భాగం, కింది భాగం
నున్సియో

తా.క. సెయింట్ ఆంటొనీని ముందుకి తిప్పి, కొవ్వొత్తి వెలిగించి, ఫిలొమీనా లెంపలేసుకుంది. నువ్వు కూడా ఆయనకి క్షమాపణ చెప్పాలిరా. ఇన్నేళ్ళూ ఆయన చూసింది నీ ముక్కల్ని కాదు, మన చెక్కుకి కాపలా కాశాడు. నీ ముక్కలు నాకు నీ కళ్ళజోడులో కనిపిస్తాయి. శుక్లాలతో కూడా.