ముఖం లేని ముప్పై ఏడు ఫొటోలు

మార్చి 2, శనివారం

మళ్ళీ వచ్చారు. పద్నాలుగు మంది, పద్నాలుగు కెమెరాలు. పొద్దున్నే పంపు దగ్గర కూర్చుని ఆవకూర కడుగుతుంటే నా వెనక నిలబడి టకటకా నొక్కుతున్నారు. తిరిగి చూస్తే కెమెరాలు పైకెత్తి ఆకాశాన్ని తీస్తున్నట్టు నటన. మా సందులో ఆకాశం ఎక్కడేడ్చింది? ఈ గోడ నుంచి ఆ గోడకి వెదురు కర్రలు, వాటి మీద దుప్పట్లూ పైజామాలూ.

వీళ్ళని తోలుకొచ్చేది హాన్ బో. ముప్పై ఏళ్ళ మనిషి. ఊరు హార్బిన్, షాంఘై వచ్చి మూడేళ్ళు. అందరూ మాస్టారూ అంటారు. పాతూరి సందుల్లో ఫొటోలు తీయడం నేర్పిస్తానని ప్రతి శనివారం ఒక మందను నడిపిస్తాడు. ఇవాళ మా కింది వంటగది కిటికీ చూపించి, ఒకప్పుడు ఇది నల్లమందు కొట్టు అని చెప్పాడు. అందులో నాలుగు కుటుంబాల గ్యాసు పొయ్యిలున్నాయి. నేను కోడలిగా ఈ ఇంటికొచ్చి ముప్పై ఎనిమిదేళ్ళు. అక్కడ ఎవరికైనా కళ్ళు తిరిగాయంటే మా అత్తయ్య వేయించే ఉప్పుచేప వాసనకే.

అత్తయ్య సంగతి చెప్పక్కర్లేదు. ఎనభై ఆరేళ్ళ మనిషి. వారమంతా పైజామాలోనే తిరుగుతుంది, కూరల బజారుకు కూడా. శనివారం వచ్చేసరికి నీలం సిల్కు కోటు తొడుక్కుని, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, రెండు చెవులూ కనపడేట్టు జుట్టుకి క్లిప్పులు పెట్టుకుని గుమ్మం ముందు వెదురు కుర్చీలో బిగుసుకుని కూర్చుంటుంది. పై పెదవి కొంచెం ఎత్తి పెడుతుంది, ఏదో కుళ్ళిన వాసన వచ్చినట్టు. రెండేళ్ళుగా ఇదే తంతు. ఏమిటత్తయ్యా ఈ సోకు అని అడిగితే, నీ పని నువ్వు చూసుకోవే అంటుంది.

మార్చి 3

ఊరవేసిన ఆవకూర జాడీలో ఎవడిదో కెమెరా మూత దొరికింది.

మార్చి 6, బుధవారం

అత్తయ్యని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మిగిలినవి నాలుగే, అన్నీ ముందువే. అన్నీ కదులుతున్నాయి, చీము కూడా పట్టింది, 27న నాలుగూ తీసేద్దాం అన్నాడు. ఆ నాలుగింట్లో బంగారు పన్ను ఒకటి.

ఇంటికొచ్చాక అత్తయ్య కుర్చీలో కూలబడి, ఇరవై ఒక్క రోజులే ఉన్నాయి యూచిన్, ఫొటో లేదు, అంది. ఏ ఫొటో అన్నాను. నేను పోయాక గోడ మీద మీ మామయ్య ఫొటో పక్కన పెట్టేది, ఇంకే ఫొటో, అని విసుక్కుంది.

అప్పుడు బయటపెట్టింది. రెండేళ్ళు కడుపులో దాచుకుంది మహాతల్లి.

పెళ్ళయిన కొత్తలో మామయ్య సైకిల్ వెనక కూర్చుని వెళుతూ పడిపోయిందట. ముందు పన్ను విరిగింది. ఆయన తన తల్లి చెవికమ్మ కరిగించి బంగారు పన్ను పెట్టించాడు. ఆయన పోయేనాటికి ఈవిడకి యాభై మూడు. ఇప్పుడీ ముడతలు చూస్తే ఎవరో ముసలమ్మ అనుకుంటాడు, ఆ పన్ను చూస్తేనే నేనని తెలుస్తుంది, లేకపోతే పక్కన కూర్చోనిస్తాడా, అంది. నవ్వొచ్చింది. ఆవిడ మొహం చూసి నవ్వు మింగేశాను.

స్టూడియోకి పోవచ్చుగా అంటే, పోయిందట, రెండేళ్ళ కిందట, ఎవరికీ చెప్పకుండా. అక్కడి పిల్ల నవ్వు అమ్మమ్మా నవ్వు అని బతిమాలి నవ్వించింది. తర్వాత కంప్యూటర్‌లో ముడతలన్నీ తుడిచేసి, బంగారు పన్నుని తెల్లగా చేసి ఇచ్చింది. అత్తయ్య ఆ ఫొటోని నాలుగు ముక్కలు చేసి వచ్చేసింది. ఇంట్లో ఫోన్లూ అంతే. నా ఫోన్‌లో తీస్తే యాభై ఆరేళ్ళ నాకు నలభై వస్తాయి, ఆవిడకి అరవై, పన్ను తెల్లగా మల్లెమొగ్గ. ఆ ఫిల్టర్ ఎక్కడ ఆపాలో మా ఆయనకి తెలీదు, నాకూ తెలీదు.

పెద్ద కెమెరాలు అబద్ధం చెప్పవని ఎవరో అన్నారట. అందుకని శనివారాలు. అందుకని సిల్కు కోటు, ఎత్తిన పెదవి. ఇన్ని వందల మంది తీసుకుపోయారు, ఒక్కడూ ఒక్క కాపీ తెచ్చి ఇవ్వలేదు అంది. మీరు అడగలేదా అంటే, నేనడగడమేంటి, తీసుకున్నవాడికి ఇంగితం ఉండొద్దా అని నా మీదే అరిచింది.

మార్చి 9, శనివారం

హాన్ బోని అడిగాను. ఫొటోలన్నీ గ్రూప్‌లో ఉంటాయి ఆంటీ, నడకకి వచ్చినవాళ్ళని మాత్రమే చేర్చుకుంటాం, వచ్చే శనివారం ఒక చోటు ఖాళీగా ఉంది, రండి, అన్నాడు. నా సందు నాకు చూపించడానికి నేను డబ్బు కట్టాలి.

అత్తయ్య కట్టమంది. మా ఆయన జీకాంగ్‌కి నవ్వాగక టీ ముక్కులోంచి వచ్చింది. దూర ప్రయాణం కదా, నాకేమైనా తీసుకురా అన్నాడు. ఒళ్ళు మండింది.

మార్చి 16, శనివారం, సాయంత్రం 5

అందరూ మెట్రో గేటు దగ్గర కలుసుకోవాలన్నారు. నా గుమ్మం ముందు నుంచి పది నిమిషాలు నడిచి అక్కడికి వెళ్ళాను, మళ్ళీ నా గుమ్మానికే నడిపించుకురావడానికి. ఆడపడుచు మేఫాంగ్ ఎప్పుడో హైనాన్ వెళ్ళినప్పుడు కొనుక్కున్న చిన్న కెమెరా మెడలో వేసుకున్నాను. హాన్ బో నా కోటు చూసి, ఇంటి బట్టల్లో వచ్చి ఉంటే ఎంత బాగుండేది ఆంటీ అన్నాడు. నేను ఫొటో తీయడానికి వచ్చాను నాయనా, తీయించుకోవడానికి కాదు అన్నాను. ఏం లాభం? సుజౌ నుంచి వచ్చిన ఒకావిడ దారి పొడవునా నా బూట్లే తీసింది.

బయల్దేరే ముందు పాఠం. ఎవరినీ అడక్కండి, అడిగితే బిగుసుకుపోతారు. ముఖాల జోలికి పోకండి. ముఖం చూపిస్తే ఫొటో అక్కడే ముగిసిపోతుంది, దాస్తే కథ మొదలవుతుంది. అందరూ తలలూపారు.

సందులోకి అడుగు పెట్టగానే ఎదురింటి ఫాన్ తాత మొదలుపెట్టాడు. ఏం యూచిన్, దారి తప్పావా, మీ ఇల్లు ఎడమ పక్కన మూడోది, అని. పంపు దగ్గర ఆడవాళ్ళు ఒకటే నవ్వు. నల్లమందు కొట్టు కథ మళ్ళీ విన్నాను. అది మా వంటిల్లు అన్నాను. అంతకు ముందు సంగతి ఆంటీ అన్నాడు. అంతకు ముందు బొగ్గుల గది, మా అత్తయ్యనడుగు అన్నాను. రాసుకున్నాడు. వచ్చే వారం బొగ్గుల కథ చెబుతాడు.

గుమ్మం ముందు అత్తయ్య. సిల్కు కోటు, క్లిప్పులు, పెదవి. వీళ్ళు చుట్టూ మూగారు. ఒకడు నేల మీద బోర్లా పడుకుని ఆవిడ చెప్పులు తీస్తున్నాడు. ఇంకొకతె గోడ మీద ఆవిడ నీడ. హాన్ బో చేతుల దగ్గరికి వంగాడు. గుంపులో నన్ను చూసి అత్తయ్య గడ్డం ఇంకాస్త ఎత్తింది, చూశావా నన్నెలా తీస్తున్నారో అన్నట్టు. నాకు తల కొట్టేసినట్టయింది.

అదే రోజు, 7 గంటలకి

గ్రూప్‌లో చేర్చారు. రెండేళ్ళవీ వెతికాను. అత్తయ్యవి ముప్పై ఏడు. చేతులు పదకొండు. చెప్పులు తొమ్మిది. వెనక నుంచి కొప్పు, కుర్చీ మీంచి వేలాడుతున్న కోటు అంచు, నీడలు. పిల్లి స్పష్టంగా, వెనకాల ఈవిడ మసగ్గా. ఒక్కదాంట్లో ముఖం ఉంది, బట్టలు నానబెట్టిన బేసిన్ నీళ్ళలో, ముక్కలు ముక్కలుగా. దానికే అందరికన్నా ఎక్కువ మెప్పులు.

మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. కోపంతోనే.

మార్చి 17

వచ్చాయా అని మూడుసార్లు అడిగింది. నెట్ నెమ్మదిగా ఉంది అని మూడుసార్లు చెప్పాను.

మార్చి 19, మంగళవారం

చెప్పేశాను. ఇక నా వల్ల కాలేదు.

భూతద్దం తెమ్మంది. ముప్పై ఏడూ చూసింది, ఒక్కొక్కటే. ఇది నా ఎడమ చెయ్యి అంది. ఇవి నా చెప్పులు కావు, నీవి, అంది. బేసిన్ ఫొటో దగ్గర ఆగి, పన్ను ఎక్కడుందో వెతికింది. దొరకలేదు. అయితే రెండేళ్ళూ నేను తల దువ్వుకున్నది చెప్పుల కోసమా అంది.

నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. అద్దం ముందుకెళ్ళి జుట్టులోంచి క్లిప్పులు తీసి డబ్బాలో పెట్టి మూత వేసింది. ఇవాళ మంగళవారం. శనివారం కాని రోజున ఆ క్లిప్పులు ఎందుకు పెట్టుకుందో ఇప్పుడు రాస్తుంటే తట్టింది. నేను ఫొటోలు తెచ్చి చూపిస్తానని.

మార్చి 20

హాన్ బోకి ఫోన్ చేసి కడిగేశాను. ముఖం తీయకపోవడం గౌరవం ఆంటీ, అనుమతి లేకుండా ముఖం తీయకూడదు, అన్నాడు. రెండేళ్ళుగా నీ కోసం బొత్తాలు పెట్టుకుని కూర్చుంది, అంతకన్నా అనుమతి ఏముంటుందయ్యా అన్నాను. అప్పుడతను చిన్న గొంతుతో, నాకు తెలీదు ఆంటీ, శనివారం వచ్చి నేనే తీసిపెడతాను అన్నాడు.

అత్తయ్యకి చెప్పాను. వాళ్ళ అమ్మమ్మ చెప్పుల ఫొటో తీసుకోమను అంది.

మార్చి 24, ఆదివారం

ఇక నేనే. మేఫాంగ్ కెమెరా పాతది, దానికి ముడతలు తుడవడం తెలీదు. అత్తయ్యని గుమ్మంలో కూర్చోబెట్టాను. క్లిప్పులు పెట్టుకోమని గంట బతిమాలాను.

మొదలైంది గొడవ. చెవులు రెండూ కనపడాలి. చూపు తిన్నగా ఉండాలి. పెదవులు కలిసి ఉండాలి, చచ్చినవాళ్ళు ఇకిలించకూడదు. మరి పన్ను? పన్ను కనపడాలి. పెదవులు కలిపి పన్ను ఎలా చూపిస్తారు అత్తయ్యా? అది నువ్వు చూసుకోవాలి, కెమెరా నీ చేతిలో ఉంది, అంది. పెదవి ఎత్తింది. తీశాను. కుళ్ళు చేప వాసన చూస్తున్నట్టే వచ్చింది. నవ్వండి అన్నాను. ఒకసారి ఆ స్టూడియోలో నవ్వి పన్ను పోగొట్టుకున్నాను, మళ్ళీ నవ్వను, అంది. ఇరవై ఆరు తీశాను. నడుం పడిపోయింది. తల ప్రాణం తోకకొచ్చింది. మూడు రోజుల్లో పళ్ళు పీకుతారు, ఈవిడ పెదవులు కొలుచుకుంటోంది.

నోరు జారాను. ఈ మొహం చూసి మామయ్య గుర్తుపట్టకుండా ఉంటాడా, గుర్తుపట్టి పారిపోతాడు, అన్నాను.

అంతే. పారిపోతాడా, నా మొగుడా, అని అందుకుంది. ముప్పై రెండేళ్ళు నా చేతి కూడు తిని, ఉప్పెక్కువైందని ఒక్కనాడు అనని మనిషి పారిపోతాడా? నీ మొగుడు పారిపోయాడా నీ ఉడకని అన్నం తిని? కెమెరా పట్టుకోవడం చేతకాదు, వేలు అడ్డం పెట్టి, వంకరగా నిలబడి, నాకు వంకలు పెడుతున్నావా, దించు ముందు ఆ డొక్కు పెట్టె! ఆ తిట్లన్నిటి మధ్యా నా వేలు మీట నొక్కేసింది.

చూశాను. చెవులు రెండు. చూపు తిన్నగా, నా మీదే. నోరు తెరిచి ఉంది. మధ్యలో బంగారు పన్ను, ఎండ పడి, పసుపుపచ్చగా.

మార్చి 25

నేను చెరిపేద్దామన్నాను. చావు రోజు వచ్చినవాళ్ళు చూసి దడుచుకుంటారని చెప్పాను. మా ఆయన వంతపాడాడు. అత్తయ్య భూతద్దంతో చాలాసేపు చూసింది. ఇదే పటం కట్టించండి అంది. కాదు, మళ్ళీ తీస్తాను అన్నాను. అక్కర్లేదు, ఆయన నన్ను చూసింది ఈ ముఖంతోనే, నవ్వుతూ వెళితే ఎవరింటికో వచ్చాననుకుంటాడు, అంది.

గోడ మీద చోటు కూడా చూపించింది. తినే బల్లకి సరిగ్గా ఎదురుగా. అంటే ఈవిడ పోయినా నాకు విడుదల లేదు. కూచున్న ప్రతి పూటా నన్ను తిడుతున్న ఈ మొహం చూస్తూనే తినాలి. పోట్లాడాను. ఒక గోరంత కూడా పక్కకి జరగలేదు. మా ఆయన్ని అడిగితే, మా అమ్మ, నీ అత్త, మధ్యలో నేనెవర్ని అన్నాడు.

మార్చి 27

పళ్ళు తీశారు. తిడితే గాలే వస్తోంది. ఏమన్నారు అత్తయ్యా అని రెండోసారి అడగాల్సి వస్తోంది. నాకేం బాగోలేదు.

డిసెంబర్ 21, శనివారం, శీతాకాలపు పండుగ

పోయినవాళ్ళకి పెట్టే రోజు. గోడ మీద పక్కపక్కన ఉన్న మామయ్యకీ అత్తయ్యకీ అన్నం, చేప, టోఫు పెట్టి అగరొత్తులు వెలిగించాను. చేప అడుగంటింది. తలెత్తకుండానే, తెలుసు అత్తయ్యా, మాడింది, అన్నాను.