అమ్మ గోడకు నా ముద్ర

సెప్టెంబరు 1, ఉదయం 5:20
గుమ్మంలో అమ్మ పరుగు బూట్లు. కుడిది కొత్తదానిలాగే ఉంది, ఎడమది మడమ దగ్గర అరిగిపోయింది. నలభై అయిదేళ్ళ కిందట హర్డిల్స్‌లో నాగసాకి జిల్లాకు మూడో స్థానం తెచ్చింది ఆ కాలేనట. ఇప్పుడు అమ్మకు అరవై మూడు.

నవంబరులో అడ్డంకుల పరుగు. పన్నెండు కిలోమీటర్లు, బురద, తాళ్ళు, ఎనిమిది అడుగుల చెక్క గోడ. కిందటేడు ఆ గోడ దగ్గర నారింజ టోపీ పెట్టుకున్న కార్యకర్త ఒకరు వంగి, "అరవై దాటినవారు ఇటు దయచేయండి" అని పక్కదారి చూపించారు. అమ్మ ఆ దారినే వెళ్ళి పరుగు పూర్తిచేసింది. పతకం కూడా ఇచ్చారు. దాన్ని ఊరగాయ జాడీలో ముక్కల్ని అదిమే బరువుగా మూత మీద పెట్టింది. అందుకూ పనికిరాలేదు.

ఈసారి గోడ ఎక్కి తీరుతుందట. సాక్షిని నేను. వేసవిలో పేట పిల్లలు రేడియో పెట్టుకుని చేసే వ్యాయామాలకు హాజరు వేయడానికి ఇచ్చే కప్ప బొమ్మ కార్డులు కొన్ని మిగిలాయి. రోజుకో గడి, గడికో ఎర్ర ముద్ర.
నా తీర్మానం: కళ్ళారా చూస్తేనే ముద్ర. జాలి లేదు. పదేళ్ళు కాన్వెంటులో చదివినదాన్ని, అబద్ధపు సాక్ష్యం చెప్పను!

సెప్టెంబరు 3
పది కిలోల ఇసుక సంచితో మూడు వందల మెట్లు. అమ్మ ఎక్కింది. నేను సంచి లేకుండా ఎక్కి, వాంతి ఆపుకున్నాను.
పక్కింటి మొరియుచి గారు చీపురు పట్టుకుని, "ఇవానగా గారూ, ఇవాళ చెత్త బయట పెట్టే రోజు కాదే!" అన్నారు.
"మిమ్మల్ని బయట పెట్టే రోజు ఏదో చెప్పండి, ఆ రోజే తెస్తాను," అంది అమ్మ.
ముద్ర. నిటారుగా, అందంగా.

సెప్టెంబరు 8
పార్కులో ఇనుప కడ్డీకి వేలాడటం: నాలుగు సెకన్లు. ఏడు అంటుంది అమ్మ. నాలుగుకే ముద్ర వేశాను. నేనెంత కఠినురాలిని!

సెప్టెంబరు 14
వాన. కిటికీలోంచి చూశాను. కిటికీ కూడా ఒక రకం కన్నే.

సెప్టెంబరు 19
చూడలేదు. విన్నాను. బూట్ల చప్పుడు వెళ్ళింది, వచ్చింది. ముద్ర.

సెప్టెంబరు 25
నేను పనిచేసే లైబ్రరీ నుంచి తెచ్చిన నవల, ఇంకా రెండు వందల పేజీలు. గొంతు నొప్పి (బహుశా). అమ్మ చెమటతో వచ్చింది కదా, చాలు.

సెప్టెంబరు 28, ఆదివారం
చర్చిలో పాపనివేదన.
"చూడనిదానికి ముద్ర వేస్తున్నాను, ఫాదర్."
తెర వెనక నుంచి ప్రశ్న: "ఏ ఆఫీసులో, అమ్మా?"
"కప్ప కార్డు మీద."
దగ్గు వినిపించింది. అది దగ్గు కాదు.

అక్టోబరు 4
వచ్చే వారానికి కూడా ఇవాళే వేసేశాను. సిరా ఆరిపోతోంది, అందుకని.

అక్టోబరు 11, పొద్దున తిండి దగ్గర
అమ్మ కార్డు తెచ్చి నా మిసో చారు గిన్నె పక్కన పెట్టింది.
"ఏమే చిసా, ఎనిమిది, తొమ్మిది, పది. ఈ మూడు రోజులూ నేనేం చేశాను?"
"మెట్లు... ఎక్కావు."
"మొరియుచి గారి అరుగు మీద కూర్చుని టీ తాగాను. ముసలాయన బిస్కెట్లు కూడా పెట్టాడు. నేను కదల్లేదు, నీ ముద్ర మాత్రం పరిగెత్తింది."
"నువ్వు బాధపడతావని..."
"అవునే. ఆ టోపీ మనిషిదీ ఇదే మర్యాద. నువ్వూ నన్ను పక్కదారినే పంపుతున్నావు."
కార్డు చింపలేదు. మడిచి, జాడీ మీద పతకం కింద పెట్టింది. నవల మూసేశాను. పేజీ గుర్తు పెట్టుకోలేదు.

అక్టోబరు 12, ఉదయం 5:30
కొత్త కార్డు. మళ్ళీ కప్పే. తీర్మానం అదే.
ఇంటి వెనక రాతి గోడ. అమ్మ ఎగిరింది, వేళ్ళు అంచును పట్టుకున్నాయి. నా చేతులు వాటంతటవే ముందుకు వెళ్ళాయి.
"పట్టుకోకు. చూడు."
పదకొండు సెకన్లు. ఒక మోచెయ్యి పైకి చేరింది, జారింది. మోకాలు గీరుకుపోయింది.
"ముద్ర వేస్తావా?"
"వెయ్యను."
"బతికించావు," అని చేతులు దులుపుకుంది. "జరుగు. ఇంకోసారి."
మొదటి గడి ఖాళీ.
ఆ నారింజ టోపీ నా అలమారలో ఉంది. కిందటేడు అది పెట్టుకుని గోడ దగ్గర నిలబడ్డది నేనే. పేరు పెట్టి అనలేదు గానీ, అమ్మకూ తెలుసు.