పసుపు రాసిన ట్రాప్

జనవరి 17, 2010, ఆదివారం

అంకుల్,

పొద్దున్నే మీ మేకల షెడ్డు దగ్గరికి వెళ్లేసరికి నక్కలాంటి ఆ కయోటీ ట్రాప్‌లో పడలేదు సరికదా, సరిగ్గా దాని మీదే పెంట పెట్టి పోయింది. మీరు చనిపోయాక ఈ ఏడాదిలో అది మూడు మేకల్ని ఎత్తుకుపోయింది. చూలుతో ఉన్న నల్లమేక ఒక్కటే మిగిలింది.

ఇది మీ అల్లుడి ఘనకార్యం. ఈ మాట ఈమధ్యే నేర్చుకున్నాను, ఇంత త్వరగా పనికొస్తుందనుకోలేదు. కొత్త కారుకు చేసినట్టు ట్రాప్‌కు పసుపు రాసి, కుంకుమ పెట్టి, అగరుబత్తి తిప్పి తడిమట్టిలో పాతాడు. ఆ వాసన కయోటీకి చోటు చెప్పింది. రాత్రి చలికి గడ్డకట్టిన ఆ మట్టి ట్రాప్‌ను కదలనివ్వలేదు.

"చేతివాసన అంటకుండా గ్లవ్స్ వేసుకోలేదా అంకుల్?" అన్నాను మీ అల్లుడితో.

"దేవుడికి దణ్ణం పెట్టుకోకుండా స్టార్ట్ చేస్తామా? ఇక్కడ అమెరికాలో పుట్టావ్, నీకేం తెలుసులే."

"కయోటీ కూడా ఇక్కడే పుట్టింది."

ఆయన నవ్వలేదు. పళ్లెంలో కర్పూరం పెట్టడం మరిచిపోయాడట, అందుకే పడలేదట!

పసుపు, దాని వాసన పోయేదాకా ట్రాప్‌ను మరిగించాను. మీరు జల్లించి గరాజ్‌లో దాచిన పొడిమట్టి ఇంకా ఒక్క బకెట్ ఉంది. రేపు తెల్లవారగానే, ఆయన లేవకముందే, మీ రబ్బరు గ్లవ్స్ వేసుకుని ఆ మట్టిలోనే ట్రాప్ పెడతాను.