గుట్ట కింది బోదగడ్డి

బయ్యారం,
24-11-1982, బుధవారం.

పూజ్యుడైన అన్న జగపతికి,

చెల్లెలు సుమిత్ర నమస్కరించి రాసేది. జనగామలో నువ్వు, వదిన, పిల్లలు బాగున్నారని తలుస్తాను. ఇక్కడ మేమూ బాగున్నామని రాయడం ఆనవాయితీ గాని, ఈసారి రాయను. బాగాలేము. నీ వల్లే బాగాలేము.

సోమవారం పంటి నొప్పికి మానుకోట దవాఖానకు పోయాను. సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి గుట్ట కింది నాలుగెకరాల చెలక బోడిగుండులా ఉంది. నువ్వు పంపిన ట్రాక్టరు, దాని వెనక గడ్డి కోసే మిషను, గట్టు మీద బీడీ తాగుతూ డ్రైవరు కట్టయ్య. మామిడి తోట పెడతానన్నావు, చెలక బాగు చేయిస్తానన్నావు, సరే. ఏ రోజు పంపుతావో ఒక్క కార్డు ముక్క రాస్తే నీ చేయి అరిగిపోయేదా?

ఆ చెలకలో సగం బోదగడ్డి తాండా వాళ్ళదని నీకు తెలియదా? అవ్వ బతికున్నన్నాళ్ళూ బతుకమ్మ పండుగ వెళ్ళగానే తన పాత చీర అంచు చింపి, చెలక నడుమ కర్ర పాతి ఆ ఎర్రగుడ్డ కట్టేది. గుడ్డకు అవతలి గడ్డి వాళ్ళ ఇళ్ళ కప్పులకు. వాళ్ళు కోసుకుపోయేదాకా మన పశువులను కూడా అటు పోనిచ్చేది కాదు. అవ్వ పోయాక ఆ పని నేను చేస్తున్నాను.

కొడవలితో మొదలంటా కోస్తేనే బోదగడ్డి కప్పుకు పనికొస్తుంది. నీ మిషను జానెడు పోచ కూడా మిగలకుండా నుగ్గు చేసింది. ఆ పొట్టుతో ఇల్లెట్లా కప్పుతారు? వానాకాలంలో వాల్యా ఇంటి కప్పు కుళ్ళి కూలింది. అప్పటినుంచి నాలుగు తాటాకులే దిక్కు. వాల్యా భార్య సోని ఈ గడ్డి కోసమే రోజులు లెక్కపెట్టుకుంటోంది. వాళ్ళ బిడ్డ కాళి కాన్పుకు వచ్చింది, నెలలు నిండాయి. ఆ పిల్ల మంచులో పడుకుంటోంది, అన్నా.

కట్టయ్యను నోటికొచ్చినట్టు తిట్టాను. గుడ్డ ఉంటే అటువైపు ముట్టొద్దని నువ్వు చెప్పావట. చెలక చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాడట. "గుడ్డ ఏడ గూడ కనబడలేదమ్మా. కనబడితే నేనెందుకు కోస్త?" అన్నాడు. కళ్ళు లేవా అని అడిగి, అన్నం కూడా పెట్టకుండా పంపేశాను. చెప్పి పంపితే నీ పని తీరిపోయిందా? నువ్వు ఉద్యోగమని అక్కడ కూర్చుంటావు. రోజూ వాళ్ళ ముఖాలు చూడాల్సింది నేను.

నిన్న పొద్దున సోని వచ్చింది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. "పటేలమ్మా, గుడ్డ కట్టే ఉండె. బేస్తవారం నాడు గూడ జూసిన. మిషన్ల పడి తునకలైనట్టుంది," అన్నది.

ఆదివారం నాటికి నువ్వు రావాలి. మహదేవపూర్ వైపు నుంచైనా సరే, ట్రాక్టరు నిండా బోదగడ్డి తెచ్చి తాండాలో దించాలి. తప్పైందని వాల్యాకు నీ నోటితో చెప్పాలి. లేదంటే అన్నా అని ఇంకో ఉత్తరం రాయను.

ఇట్లు,
నీ మీద మండిపడుతున్న చెల్లెలు,
సుమిత్ర

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. కట్టయ్యకు కళ్ళున్నాయి. గుడ్డ అక్కడ లేదు. మన వరికోతలకు రమ్మని కబురు చేస్తే, దుర్గయ్య పటేలుకు ముందే మాటిచ్చానన్నది సోని. ఆ రోషంతో శుక్రవారం నేనే పోయి విప్పుకొచ్చాను. వచ్చి బతిమాలితే మళ్ళీ కడదామనుకున్నాను. ఇంతలో నీ ట్రాక్టరు వచ్చింది. గడ్డి మాత్రం నువ్వు తీసుకురా. తప్పు నేను ఒప్పుకుంటాను. ఇంకా సోనికి చెప్పలేదు. గుడ్డ కట్టలేదని నువ్వు నన్ను తిడతావేమోనని ఆమె భయం. నీకు చూపించడానికి నిన్నటి నుంచి ఆ పొట్టులో ఎర్ర తునకల కోసం వెతుకుతోంది. గుడ్డ నా పెట్టెలో, అవ్వ చీరల కింద ఉంది.