ప్రిడీ గారి తోటలో కూలికరువు

గ్రేలింగ్ హాల్ పొగాకు తోట,
జేమ్స్ నది ఒడ్డు, వర్జీనియా.
ఆగస్టు, మూడో ఆదివారం.

ఎంతో గౌరవనీయురాలైన ఎర్నెస్టీన్ అత్తకు,

మేనకోడలు తలీతా వినయంగా రాయునది ఏమనగా, నేను క్షేమం. నీ మోకాళ్ళూ, నీ చర్చి బృందగానమూ, నీ ఊదారంగు టోపీ క్షేమమని తలుస్తాను.

బస్సెక్కిస్తూ నువ్వన్న మాట మర్చిపోలేదు. "చదువైతే చదివావు గానీ ఒక్కచోట నిలవ్వు. ఈ ఒక్కటైనా చివరిదాకా ఉండి రావే తల్లీ" అన్నావు. సీజను ముగిసేదాకా ఉంటే ప్రిడీ గారు సర్టిఫికెట్ ఇస్తారు. అది చూపిస్తేనే రిచ్‌మండ్ మ్యూజియంలో ఉద్యోగం. లేకపోతే మళ్ళీ నీ వరండాలో బఠాణీలు ఒలవడమే.

ఇక్కడి పని మూడు వందల ఏళ్ళ కిందటి తోటను అప్పటి పద్ధతిలోనే సాగుచేసి సందర్శకులకు చూపించడం. మందులు కొట్టకూడదు. మొక్కల తలలు తుంచాలి, పిలకలు గిల్లాలి, ఆకుల వెనక దాక్కున్న వేలెడంత పచ్చ పురుగుల్ని చేత్తో ఏరి నలపాలి. జీతం లేదు. తిండి, పడక, ఆఖర్న ఆ కాగితం. తోట పెద్ద ప్రిడీ గారు వెడల్పాటి టోపీ పెట్టుకుని నీడలో నిలబడి, "ఈ నేల మీద చరిత్ర పుట్టింది" అని అందరికీ చెబుతూంటారు. పాపం, తన కళ్ళముందే మళ్ళీ పుడుతోందని ఆయనకు తెలియదు.

జూన్‌లో మేం చాలామందిమే వచ్చాం. జులైలో ఊరి దగ్గర కొత్త గోదాము తెరిచి, మంచి కూలి ఇస్తామన్నారు. లోపల ఏసీ కూడా ఉందట. సగంమంది రాత్రికి రాత్రే జారుకున్నారు. ప్రిడీ గారి దగ్గర కావలసినంత నేల, కోతకొచ్చే పంట ఉన్నాయి, చేతులే లేవు. అప్పుడాయన కొత్త నియమం పెట్టారు: ఒకరోజు పని ఎగ్గొడితే గడువు వారం పెరుగుతుంది.

"అయ్యా, ఇంగ్లండులో కూలి పెరిగి పనివాళ్ళు ఓడెక్కడం మానేసినప్పుడు ఇక్కడి దొరలూ ఇదే చేశారు" అన్నాను.

"నువ్వు బాగా చదువుకున్నావమ్మా" అన్నారాయన సంతోషంగా.

ఒరిన్ అని కెంటకీ కుర్రాడొకడున్నాడు, ఎర్రజుట్టు, నోరు మూతపడదు. వాడి పూర్వీకుడెవరో ఇంగ్లండు నుంచి ఏడేళ్ళు కూలి చేసే ఒప్పందం మీద వచ్చినవాడట. "మా ముత్తాతకి ఆఖర్న కొత్త బట్టలూ పారా ఇచ్చారు. నాకు పార కూడా రాదు. మా వాళ్ళూ బానిసలే, తలీతా" అని మూలిగాడు.

"మీ తాతకి గడువు తేదీ ఉందిరా. ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన మా అమ్మమ్మలకి లేదు. కడుపులో బిడ్డకీ లేదు, అది కూడా చట్టంలో రాసి పెట్టారు" అన్నాను. వాడు ఆ పూట నా వరసలో పురుగులు కూడా తనే ఏరాడు.

నిన్న ప్రిడీ గారు మమ్మల్ని పోగుచేసి, వచ్చే ఏడాదికి గొప్ప ఉపాయం దొరికిందన్నారు. "దూరదేశాల పిల్లల్ని పిలిపిస్తాను. ఇక్కడ చుట్టాలుండరు, దారులు తెలియవు, మధ్యలో ఎక్కడికి పోతారు?"

మంచి మనిషే అత్తా. పుట్టినరోజులకు కేకు కోయిస్తారు. ఈ మాట కూడా కేకు కోస్తున్నంత నవ్వుతూనే అన్నారు.

"అయ్యా, మీరిప్పుడు పదహారు వందల అరవయ్యో ఏట ఉన్నారు. ఇంకొక్క అడుగేస్తే బానిసల చట్టాలే, ముందుకేయకండి" అన్నాను.

"ప్రతిదాన్నీ అక్కడికే లాక్కెళ్తావేంటమ్మా? నాకు కావలసింది పురుగులేరేవాళ్ళు, అంతే" అన్నారు.

"ఆనాటి దొరలకి కావలసిందీ అంతేనండి" అన్నాను.

టెక్సాస్ నుంచి వచ్చిన మరిసోల్ అనే అమ్మాయి నా పక్కనే ఉంది. చేతిలో ఉన్న పురుగును జాగ్రత్తగా ఆకు మీద పెట్టి, "బస్సు ఎన్నింటికి?" అని అడిగింది. ఆమె వెనక ఒరిన్, ఒరిన్ వెనక మిగిలినవాళ్ళు. ప్రిడీ గారు గేటు దాకా పరుగెత్తి, "ఒప్పందం, ఒప్పందం" అని అరిచారు. ఎవరూ ఆగలేదు. ఆయన చేతిలో చట్టం లేదు, కుక్కల్లేవు, ఊరూరా కాపలా లేదు. అవి లేని యజమాని ఎండలో టోపీ పెట్టుకున్న మనిషి, అంతే. మా వాళ్ళు పారిపోయినప్పుడు అవన్నీ ఉన్నాయి. ఎక్కడికెళ్ళినా పట్టించడానికి ఒంటి రంగే చిరునామా అయింది.

చివరికాయన గేటు పక్క మొక్క దగ్గర వంగి, ఒక ఆకు తిప్పి, పురుగును చూసి అదిరిపడి వెనక్కి గెంతారు. అంత దగ్గర్నుంచి మొదటిసారి చూసినట్టున్నారు.

నా సంగతంటావా, సర్టిఫికెట్ గురించి ఇంకా ఆలోచిస్తున్నాను. నీ మాట తలుచుకుంటున్నాను. దిగులుపడకు.

నీ దీవెనలు కోరే
తలీతా

తా.క. కవరు మీద స్టాంపు లేదని చూసే ఉంటావు. పైన రాసిన చిరునామా అబద్ధం. ఆ గేటు మొదట దాటింది మరిసోల్ కాదు, నేను. సర్టిఫికెట్ లేదు, ఉద్యోగమూ లేదు. నువ్వు చర్చిలో ఉన్నావు, నేను నీ వరండా మెట్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఒరిన్, మరిసోల్ కూడా పక్కనే ఉన్నారు. ఒరిన్ మీ ఇంట్లో చేపల వేపుడు ఎలా ఉంటుందని ఇప్పటికే రెండుసార్లు అడిగాడు. కోప్పడాలంటే కోప్పడు, కానీ ఒక్క పనైనా చివరిదాకా చేయమన్నావు కదా. మధ్యలో ఎక్కడా ఆగకుండా ఇంటిదాకా వచ్చేశాను, అత్తా.