గౌరి ఎత్తుకు తాళం వేసినవాళ్లు

తాతా,

నువ్వు తాడుతో కొలిచిన ఆవుల ఎత్తులకు ఒక పరిశోధన పత్రికల కంపెనీ తాళం వేసింది. వాళ్లు దొంగలు. నువ్వుంటే నోరు మూసుకోమనేవాడివి. మూసుకోను.

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పుంగనూరులో మన కొట్టంలో ప్రతి దూడకూ ఒక తాడు పెట్టి, దూడ ఎదిగే కొద్దీ దాని ఎత్తు దగ్గర ముడి వేసేవాడివి. పరిశోధన చేసే మేడమ్ వచ్చి ఆ ముడులన్నీ కొలిచి రాసుకుపోయింది. "నా ఆవు గౌరి పేరు ఏసినారో లేదో సూసి సెప్పప్పా," అని మంచంలోంచి అడిగావు. చెప్తానన్నాను.

మేడమ్ ఆ కొలతలతో రాసిన వ్యాసం ఇప్పుడు నెట్‌లో వచ్చింది. తెరిస్తే కనబడేది నాలుగు వరుసలే. మిగతాది చదవాలంటే మదనపల్లె టమాటా మండీలో నా వారం కూలి కట్టాలి. మేడమ్ నంబరు పనిచేయడం లేదు. కుప్పంలో కాలేజీ లైబ్రరీకి పోయాను.

"ఆ పత్రికకు చందా ఆపేసినామప్పా. ఏటేటా పెంచుతాంటే యాడ కట్టేది?" అన్నాడు లైబ్రేరియన్.

"ఆవు మాది కదా సార్!"

"ఆవు నీదే. పేపరు వాళ్లది," అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

తాళ్లు ఇంకా కొట్టంలోనే వేలాడుతున్నాయి తాతా. వాటిని సంత మైదానానికి తెస్తున్నాను. అందరి ఆవులనూ మళ్లీ కొలిచి, పేర్లతో సహా అక్కడి గోడ మీద రాస్తాం. మొదటి పేరు గౌరిది. చదువు రానివాళ్లకు నేనే గట్టిగా చదివి వినిపిస్తాను.

ఈ ఉత్తరాన్ని ఊరంతా అంటిస్తున్నాను: ఆవులున్నవాళ్లంతా తోలుకొని రండి. ఆదివారం పొద్దున, పది గంటలకు.